అతుకు గాడిలో 27 మీటర్లు

"చీరలు కట్టడం మానేశాక వాటిని దాచడం ఎందుకే, ఎలకలకి సారె పెట్టడానికా?" అంది అమ్మ పోయిన శ్రావణంలో.

తుంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఆవిడ నైటీల్లోకి మారిపోయింది. 78 ఏళ్ళ మనిషి. మొదటి నెల సిగ్గుపడింది. రెండో నెల నుంచి "ఇంత సుఖంగా ఉంటుందని ఒక్కరైనా చెప్పారటే నాకు?" అని నన్నే తిట్టడం మొదలుపెట్టింది. ట్రంకు పెట్టె తెరిపించి, కలరా ఉండల వాసన కొడుతున్న చీరలన్నీ మంచం మీద గుట్ట పోయించి, "నాకో బొంత కుట్టు" అంది.

నేను తెనాలిలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను, 24 ఏళ్ళుగా. లైనింగ్ జాకెట్లు, పైపింగులు, పెళ్ళిళ్ళ సీజన్లో రాత్రి పన్నెండింటి దాకా హుక్కులూ కాజాలూ. కానీ బొంత ఎప్పుడూ కుట్టలేదు. బొంత మా నాయనమ్మ పని. పాత చీరలు నాలుగైదు పొరలు వసారాలో పరిచేది. గాలికి లేవకుండా ఒక మూల రోకలి, ఒక మూల పొత్రం, మిగతా రెండు మూలలా మమ్మల్ని కూర్చోబెట్టేది. బొంతసూదికి ఏ దారం దొరికితే ఆ దారం ఎక్కించి ఈ చివర నుంచి ఆ చివరికి బెత్తెడు దూరంలో వరసలు కుట్టుకుంటూ పోయేది. వరస వంకర పోతే పోయింది. దానికోసం ఆగిందీ లేదు, విప్పిందీ లేదు. ఆ బొంత మీద పడుకుంటే కుట్లు వీపుకి తెలిసేవి. మా తమ్ముడు పుట్టినప్పుడు వాణ్ణి పడుకోబెట్టింది అలాంటి దాని మీదే. అరిగి అరిగి తమలపాకంత మెత్తగా ఉండేది.

అమ్మ అడిగింది అలాంటిది. నేను మాత్రం ఫోన్లో చూసి చూసి, చదరపు ముక్కలు అతికి, మధ్యలో మెత్తటి పొర పెట్టి, అతుకుల వెంబడే మిషన్ కుట్టు వేద్దామని పెట్టుకున్నాను. ఆ కుట్టు పైకి కనపడకూడదు. రెండు ముక్కలు కలిసే చోట సన్నటి గాడి ఉంటుంది కదా, సరిగ్గా అందులో పడాలి. పడితే దారం గాడిలో మునిగిపోయి, ముక్కలన్నీ వాటంతటవే ఉబ్బి పరుపు గళ్ళలా నిలబడతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ముందు దీంతో మొదలుపెట్టాలి, అన్నిటికన్నా తేలిక ఇదే అని వీడియోల్లో చెప్తారు. నాకు చిర్రెత్తుకొచ్చే మాట అది. గీతలేని చోట ఎలా కుట్టినా ఎవరూ కనిపెట్టలేరు. గీత ఉండి, దాని లోపలే కుట్టాలంటే వెంట్రుకవాసి పక్కకి పోయినా పక్కింటావిడ గుమ్మంలోంచే పట్టేస్తుంది.

అయినా నాకు ధైర్యం ఎందుకంటే, జాకెట్టు మెడకి పైపింగు వేసేటప్పుడు ఈ పని రోజూ చేసేదే. పైపింగు గుడ్డ లోపలికి మడిచి, పై వైపు నుంచి పైపింగుకీ జాకెట్టుకీ మధ్య గాడిలో కుట్టు వేస్తాం. లోపలి మడత పట్టుకుంటుంది, బయట ఏమీ కనపడదు. మగవాళ్ళ ప్యాంటు నడుం పట్టీ కూడా అంతే. నా సూదికి గాడి కొత్త కాదు. కాకపోతే మెడ చుట్టూ మహా అయితే గజం. ఇక్కడ ఎంతో లెక్క కట్టలేదు. కట్టి ఉంటే మొదలుపెట్టేదాన్ని కాదేమో.

ముందు చీరలు. సింథటిక్ వాటిని పక్కన పెట్టేశాను. వేడి ఇస్త్రీ తగిలితే ముడుచుకుపోతాయి, ఈ పనంతా ఇస్త్రీతోనే. నేత చీరలు 11 మిగిలాయి. వాటిలో ఆరు మంగళగిరివి, సన్న జరీ నిజాం అంచులవి. రెండు వెంకటగిరివి, ఒకటి నారాయణపేట, రెండు చీరాలవి. ఒకదానికీ ఒకదానికీ పొంతన లేదు. మంగళగిరి గట్టిగా, నిలబడి ఉంటుంది. వెంకటగిరి 30 ఏళ్ళు కట్టాక ఉల్లిపొరలా తయారై, కత్తెర పెడితే పక్కకి జారిపోతోంది. కుచ్చిళ్ళు నేలకి రాసుకున్న అంచులు, కూర్చుని కూర్చుని నలిగిన భాగం తీసేసి, పమిటలోంచీ లోపలి చెంగులోంచీ మంచి గుడ్డ ఏరుకున్నాను. చీరకి 9 ముక్కలు, మొత్తం 99. కొయ్యబోయే ముందు అన్నిటికీ గంజి పెట్టాను, చిక్కటి బియ్యం గంజి. గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే వెంకటగిరి కూడా కాగితంలా మాట వింటుంది. అమ్మ చూసి "ఉతికిన చీరకి గంజి, కోసే చీరకీ గంజేనా" అని నవ్వింది. బొంత పూర్తయ్యాక ఒకసారి ఉతికితే గంజి పోతుంది. ఉతక్కపోతే పురుగులకి విందు.

ముక్క ఆరున్నర అంగుళాలు. నాలుగు వైపులా పావంగుళం అతుక్కి పోతే, కుట్టాక ఆరంగుళాలు తేలుతుంది. వరసకి 9, అలాంటివి 11 వరసలు. మొత్తం 54 అంగుళాల వెడల్పు, 66 పొడవు. పావంగుళం అనేది మా జాకెట్ల వాళ్ళకి నామోషీ. రేపు లావెక్కితే విప్పుకోవడానికి రెండంగుళాలు వదిలే అలవాటు మాది. బొంత ఏమీ లావెక్కదని నా చేతులకి నచ్చజెప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

లోపలి పొర దగ్గర కొంచెం తర్జనభర్జన పడ్డాను. దూది ఏకించి పెడదామా అనుకున్నా. కానీ ఆరంగుళాలకో కుట్టు ఉంటే విడి దూది ఆగదు, రెండు ఉతుకులకి ముద్దలు కట్టి మూలకి చేరుతుంది. దూది పెట్టాలంటే నాయనమ్మ లాగా బెత్తెడుకో వరస ఉండాలి. అందుకని విజయవాడ వన్‌టౌన్‌లో పరుపుల సామాను అమ్మే కొట్లో 100 జీఎస్ఎం (చదరపు మీటరుకి 100 గ్రాములు తూగే) వ్యాడింగ్ రెండు మీటర్లు తెచ్చుకున్నాను. సోఫాలకి వాడతారే, తెల్లగా, దూది దుప్పటిలా ఉంటుంది, అది. కిందకి మీగడ రంగు సింగిల్ దుప్పటి. కింద గుడ్డా మధ్య పొరా నాలుగు వైపులా మూడేసి, నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి. కుట్టేకొద్దీ లోపలికి లాక్కుంటుంది.

హాల్లో సోఫా జరిపి దుప్పటి తిరగేసి పరిచాం. నాలుగు వైపులా టేపు వేసి బిగదీసి నేలకి అంటించాం. దాని మీద వ్యాడింగ్, దాని మీద అతికిన చీర ముక్కలు. ఇక పిన్నీసులు. అరచెయ్యి ఎక్కడ పెట్టినా కింద ఒక పిన్నీసు తగలాలి అని లెక్క. అలా పెడితే 200 దాటాయి. ఇంట్లో ఉన్నవి 30. పక్కింట్లో, ఎదురింట్లో, నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఇద్దరు టీచరమ్మల దగ్గర అడుక్కున్నా సరిపోలేదు, ఫ్యాన్సీ కొట్టుకి పోయాను. "ఏం మేడమ్, పెళ్ళివారి చీరల కట్టుడు కాంట్రాక్టా?" అన్నాడు కొట్టబ్బాయి. పిన్నీసులు ముక్క మధ్యలోనే పెట్టాలి, అతుకు మీద కాదు. అతుకు మీద పెడితే కుట్టు వచ్చే దారిలో మనమే రాయి పెట్టుకున్నట్టు.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. మిషన్ ఎక్కించాక తెలిసింది అసలు సంగతి.

నాది నా పెళ్ళికి నాన్న కొన్న నల్ల ఉషా మిషన్, తర్వాత మోటారు పెట్టించాను. మామూలు ఫుట్‌తో, అంటే సూది దగ్గర గుడ్డని తొక్కిపట్టే పాదంతో, ముందు సాంపిల్ ముక్క కుట్టి చూశాను, అడుగున్నర పొడవు. చివరికొచ్చేసరికి పై గుడ్డ అరంగుళం మిగిలి మడతపడింది. కారణం తెలిసిందే. కింద పళ్ళు కింద గుడ్డనే లాగుతాయి. పైన ఫుట్ తొక్కిపెట్టి ఉంటుంది, పై గుడ్డ దాని ముందు అలలా పోగుపడుతుంది. జాకెట్టు గుడ్డలు రెండు పల్చని పొరలు కాబట్టి చేత్తో సర్దేస్తాం. మధ్యలో వ్యాడింగ్ ఉంటే చెయ్యి సర్దలేదు, అది స్పాంజిలా జారిపోతుంది. దీనికోసం వాకింగ్ ఫుట్ అని ఒకటుంది. దానికీ సొంత పళ్ళు ఉంటాయి, కింద పళ్ళతో పాటు పైనుంచి అడుగులు వేస్తుంది. మా అమ్మాయి బెంగళూరు నుంచి ఆన్‌లైన్లో తెప్పించింది. బిగించి కుట్టాను, మళ్ళీ అదే మడత. రెండు గంటలు దాన్ని తిట్టాక చూస్తే తప్పు నాది. దాని పక్కన కొంకిలాంటి చెయ్యి ఒకటుంది. అది సూది బిగించే స్క్రూ మీద కూర్చుని, సూదితో పాటు పైకీ కిందికీ ఊగాలి. నేను దాన్ని స్క్రూ కింద వదిలేశాను. అంటే అది నడవడం లేదు, ఊరికే ఈడ్చుకుపోతోంది.

14 నంబరు సూది, కుట్టు సైజు మూడు మిల్లీమీటర్లు. దారం బూడిద రంగు. 11 చీరల రంగులకీ ఒకే దారం సరిపోవాలంటే బూడిద రంగే. ఎరుపు పక్కనా పచ్చ పక్కనా కూడా అది నీడలా ఉండిపోతుంది. కనపడని నైలాన్ దారం అని అమ్ముతారు, నాకు పడదు. కింద బాబిన్‌లో కూడా అదే బూడిద దారం వేశాను. పైనొక రంగు, కిందొక రంగు వేస్తే దారం టెన్షన్ కాస్త తేడా వచ్చినా చుక్కలు చుక్కలుగా బయటపడుతుంది.

కుట్టేది మధ్య నుంచి. 9 ముక్కల వరసలో నిలువు అతుకులు ఎనిమిది. నాలుగోది ముందు. తర్వాత అడ్డంగా నడిమి అతుకు. అంటే ముందు మధ్యలో ఒక సిలువ వేసుకుని, అక్కణ్ణుంచి బయటికి జరుగుతూ పోవాలి. ఎందుకంటే వాకింగ్ ఫుట్ ఉన్నా గుడ్డ వెంట్రుకవాసి అయినా తోసుకుపోతుంది. ఆ మిగులు బయటికి పోయే దారి ఉండాలి. అంచుల నుంచి లోపలికి వస్తే అదంతా నడిబొడ్డున బుడగలా తేలుతుంది. చేత్తో కుట్టేవాళ్ళకి ఈ భయం లేదు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ తెగ ఆడవాళ్ళు కవంది అని బొంత కుడతారు. వాళ్ళు ఒక మూల మొదలుపెట్టి అంచుల చుట్టూ తిరుగుతూ, ముక్కలు చేర్చుకుంటూ నడిమికి వస్తారు. గుడ్డ నేల మీద కదలకుండా ఉంటుంది, సూదే తిరుగుతుంది. మిషన్ దగ్గర సూది ఒకచోటే ఉంటుంది, మూడు పొరల గుడ్డంతా తిరగాలి. తేడా అంతా అక్కడే వచ్చింది.

నా నల్ల మిషన్లో సూదికీ స్తంభానికీ మధ్య జాగా ఏడంగుళాలకి మించదు. సగం బొంతని చాపలా చుట్టి ఆ సందులోంచి దూర్చాలి. మిగతా సగం ఎడమ వైపు వేలాడితే బరువుకి లాగుతుంది, కుట్లు ఆవగింజలంత చిన్నవైపోతాయి. ఎడమవైపు ఇస్త్రీ బల్ల, వెనక డైనింగు కుర్చీ పెట్టి ఆ బరువుని వాటి మీదకి తోశాను. అలా చేశాక, రెండు చేతుల వేళ్ళతో అతుకుని ఇటూ అటూ కొంచెం విప్పదీసి పట్టుకుంటే గాడి నోరు తెరుస్తుంది. సూది అందులో దిగుతుంది. చేతులు వదిలితే గుడ్డ దగ్గరికొచ్చి దారాన్ని మింగేస్తుంది. సూదిని చూడకూడదు, సూదికి అరంగుళం ముందు గాడిని చూడాలి. స్కూటర్ నడిపేటప్పుడు చక్రం వంక చూడం కదా.

నాలుగో నిలువు అతుకు, మొదటి వరస ముక్క దాటింది. బ్రహ్మాండం. రెండో ముక్కలోకి రాగానే కుట్టు గట్టు ఎక్కి కూర్చుంది. నా చెయ్యే తప్పిందనుకున్నాను. మూడో ముక్కలో మళ్ళీ గాడిలోకి దిగింది. నాలుగో ముక్కలో మళ్ళీ గట్టు మీద. ఆపి, తల గోక్కుని, వెలుతురుకి ఎత్తిపట్టి చూశాను.

రెండు ముక్కలు అతికాక లోపల పావంగుళం చొప్పున రెండు అంచులు మిగులుతాయి. వాటిని ఇస్త్రీతో ఒక పక్కకి పడుకోబెడతాం. పడుకోబెట్టిన పక్క కొంచెం ఎత్తు, రెండో పక్క పల్లం. గాడి అంటే ఆ ఎత్తు పక్కనున్న పల్లమే. కుట్టు పల్లం వైపు, గట్టుకి ఆనుకుని పడాలి. నేనేం చేశానంటే, వరసల్ని ఒకదానికొకటి అతికేటప్పుడు మూలలు సరిగ్గా కలవాలని, ఒక వరసలో అంచులన్నీ కుడికి, కింది వరసలో ఎడమకి పడుకోబెట్టాను. అలా చేస్తే ఎదురెదురు గట్లు ఒకదానికొకటి తట్టుకుని, మూలలు కొలిచినట్టు కలుస్తాయి. ఆ పద్ధతి మంచిదే, అందరూ చెప్పేదే. కాకపోతే దాని వల్ల పై నుంచి కిందికి వచ్చే నిలువు అతుకులో ప్రతి ముక్కకీ పల్లం పక్క మారిపోతుంది. ఒకచోట ఎడమ, తర్వాత కుడి, మళ్ళీ ఎడమ. నేను మాత్రం కళ్ళకి గంతలు కట్టిన ఎద్దులా ఒకే పక్క కుట్టుకుంటూ పోతున్నాను.

అంటే సరిగ్గా మూల దగ్గర, నాలుగు ముక్కలు కలిసే చోట, ఒక్క కుట్టులో సూది గట్టు దాటి అవతలి పల్లంలోకి దిగాలి. ముందు దాటినా కనపడుతుంది, వెనక దాటినా కనపడుతుంది. నిలువు అతుకులు ఎనిమిది, ఒక్కోదానికి పది మూలలు. ఎనభై చోట్ల ఆ గంతు వెయ్యాలి. ప్రతి మూల దగ్గరా మోటారు వదిలేసి, చక్రం చేత్తో తిప్పుతూ ఒక్క కుట్టు. ఆ ఒక్క కుట్టుకి ఊపిరి బిగబట్టేదాన్ని.

అలా కాకుండా అంచుల్ని రెండు పక్కలకీ విప్పి ఇస్త్రీ చేస్తే? మా లైనింగ్ జాకెట్లలో చేసేది అదే, లావు తెలియకుండా. బొంతకి అది కొంప ముంచుతుంది. విప్పితే గట్టూ ఉండదు, పల్లమూ ఉండదు. సూది దిగేది రెండు ముక్కల్ని పట్టుకున్న దారాల మీదకే, గుడ్డ మీదకి కాదు. సూది దారాన్ని చీలిస్తే అతుకే ఊడుతుంది.

అడ్డ అతుకులు పది. అవి ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే పక్క పడుకుంటాయి కాబట్టి గంతులు లేవు, హాయి అనుకున్నాను. ఏడో దాని దగ్గర గాడి ఉన్నట్టుండి మాయమైంది. మధ్య నాలుగు ముక్కల మేర అంచులు పైకి తిరగబడి ఉన్నాయి, ఇస్త్రీ చేసేటప్పుడు మెలి పడ్డాయన్నమాట. ఆ రోజు గుర్తుంది, కరెంటు పోయి వచ్చింది. "వచ్చేసింది కదా" అని చూడకుండా గబగబా రుద్దేశాను. అప్పుడు ఏమీ అనిపించలేదు. మూడు పొరలూ పిన్నీసులు పెట్టి కట్టేశాక ఇంకేం చేస్తాం? గాడి ఎటుంటే అటు పోవడమే. నా వరకూ చెప్తున్నా, ఈ పనిలో మిషన్ దగ్గర చేతి నేర్పు చూపించేది తక్కువ. గాడి తవ్వేది ఇస్త్రీ పెట్టె. మిషన్ ఆ గాడిలో నీళ్ళు పారించడమే. బోదె సరిగ్గా తియ్యకుండా మడికి నీళ్ళు ఎక్కలేదంటే ఎవరి తప్పు? నేను అతుకుల మీద ఇస్త్రీకి పెట్టిన టైము మొత్తం పనిలో పదో వంతు కూడా ఉండదు. మళ్ళీ కుడితే సగం టైము దానికే.

వెనక కూడా ఒక మడత పడింది. నాలుగో నిలువు, ఐదో అడ్డం కలిసే చోట, మిరపగింజంత. ఆ ఒక్క గింజ కోసం 20 అంగుళాలు విప్పాను, అర బ్లేడుతో. విప్పేటప్పుడు వెంకటగిరి ముక్క చిన్నగా చిరిగింది. ఆ చోట వెనక నుంచి చిన్న అతుకు వేశాను, ఎక్కడో చెప్పను.

ఇంత మిషన్ గొడవ ఎందుకు, చేత్తో కుట్టెయ్యకూడదా అని అమ్మ రోజుకోసారి అనేది. మిషన్ కుట్టుది బొంతే కాదని ఆవిడ లెక్క. ఆవిడ నాన్న, అంటే మా తాతయ్య, జీవితమంతా ఖద్దరు కట్టిన మనిషి. నేను ఆయన్నే ఆవిడ మీదకి వదిలాను. యంత్రాలంటే పడని గాంధీగారు కూడా సింగర్ కుట్టుమిషన్‌ని మాత్రం వెనకేసుకొచ్చారు, 1924లో ఆ మాట ఆయన పత్రిక యంగ్ ఇండియాలో అచ్చయింది కూడా. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే కష్టం చూడలేక సింగర్ దాన్ని చేశాడని, దాని వెనకున్నది ప్రేమ అని ఆయన మెచ్చుకున్నారు. అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే నీకెవరు కొన్నారే ప్రేమగా?" అంది. "నాన్న" అన్నాను. ఆ మాటతో ఆ రోజుకి ఊరుకుంది.

ఈ పంచాయితీ మా ఇంటిది మాత్రమే కాదు. అమెరికాలో కెంటకీ రాష్ట్రం పడూకాలో క్విల్టులకి, అంటే మన బొంతల్లాంటి వాటికి, పెద్ద పోటీ జరుగుతుంది. అక్కడ మిషన్‌తో కుట్టిన దానికి మొదటిసారి అన్నిటికన్నా పై బహుమతి వచ్చింది 1989లో. కారిల్ బ్రయర్ ఫాలర్ట్ అనే ఆవిడ కుట్టిన సూర్యగ్రహణం బొంత. దాని పేరులో కరోనా అని ఉంది, గ్రహణం నాటి సూర్యుడి కిరీటం అన్నమాట. ఈ కబురు కూడా అమ్మకి చెప్పాను. "గ్రహణం బొంతా? గర్భిణీలు కప్పుకోకూడదేమో" అంది.

మొత్తం 16 రోజులు, జాకెట్ల మధ్యలో. ఎక్కువ సేపు కూర్చుంటే భుజాలు పట్టేస్తాయి, చూపు గాడి తప్పుతుంది. రోజుకి రెండు, మహా అయితే మూడు అతుకులు. అన్నీ ఒకే వైపు నుంచి మొదలుపెట్టాను. ఒకటి పైనుంచి కిందికి, పక్కది కిందినుంచి పైకి కుడితే గళ్ళు పక్కకి ఒరిగిపోయి కాజూబర్ఫీల్లా తయారవుతాయి. అంతా అయ్యాక ఒక సాయంత్రం లెక్క కట్టాను. నిలువు ఎనిమిది, ఒక్కోటి 66 అంగుళాలు. అడ్డం పది, ఒక్కోటి 54. వెరసి 1068 అంగుళాలు, అంటే 27 మీటర్ల పైన. దగ్గర దగ్గర ఐదు చీరల పొడవు. మూడు మిల్లీమీటర్లకో కుట్టు చొప్పున తొమ్మిది వేల కుట్లు. తొమ్మిది వేలు వేసి ఒక్కటి కూడా కనపడకూడదట! మా వీధిలో ఎవరికైనా చెప్తే నవ్వుతారు.

చుట్టూ మంగళగిరి నిజాం అంచులే కోసి పట్టీ వేశాను. అతుకు కుట్ల మొదళ్ళూ చివర్లూ అన్నీ ఆ పట్టీ కిందకి పోయాయి, ముడులు వెయ్యాల్సిన పని లేకుండా. ఉతికి, దాబా మీద ఆరేసి, గంజి వదిలాక చూస్తే నా కళ్ళకే దిష్టి తగిలేలా ఉంది. గళ్ళు గళ్ళుగా ఉబ్బి, కుట్టనేది ఎక్కడా లేకుండా. గట్టెక్కిన చోట్లు ఓ పదిహేను ఉంటాయి, అవి నాకు తెలుసు.

అమ్మ మంచం మీద పరిచాను. కళ్ళజోడు తెప్పించుకుంది. ఈ మూల నుంచి ఆ మూలకి చెయ్యి వేసి నిమిరింది. చీరలు గుర్తుపట్టింది. ఇది మీ అత్తయ్య సీమంతానికి పెట్టింది, ఇది మీ నాన్న బెజవాడ నుంచి తెచ్చి రంగు నచ్చలేదని నేను ఏడ్చింది. అన్నీ అయ్యాక నా మొహం చూసి అంది:

"బాగుంది కానీ, ఎప్పుడు కుడతావు?"

"కుట్టాక కదమ్మా నీకిచ్చింది!"

"ఏదీ కుట్టు?"

గాడి విప్పి చూపించాను. ముక్కు ఆనించి చూసింది. "దొంగ కుట్టు" అంది. తర్వాత ఒక మూల పట్టుకుని మొత్తం తిరగేసింది. మీగడ రంగు దుప్పటి మీద బూడిద దారం గళ్ళు, నిలువు ఎనిమిది, అడ్డం పది, స్పష్టంగా, వల పరిచినట్టు. నేను గట్టు దాటించిన ప్రతి మూల దగ్గరా చిన్న గంతు, ఏడో అడ్డ అతుకు మధ్యలో వంకర. అంతా బట్టబయలు. "ఇదిగో, ఇప్పుడు బొంతలా ఉంది" అంది. "కుట్టుకి కుట్టు మీ నాయనమ్మ కన్నా దగ్గరగా వేశావు. ఇక్కడ మాత్రం నిద్రపోయావేంటే?" అని సరిగ్గా ఏడో దాని మీదే వేలు పెట్టింది.

"పోనీలే, గంతకు తగ్గ బొంత" అని కాళ్ళ మీదకి లాక్కుంది.

పొద్దున్న పక్క సర్దేటప్పుడు చీరలు పైకి వచ్చేలా తిప్పి మడత పెడతాను. రాత్రి తొమ్మిదింటికి మందులిద్దామని వెళ్ళేసరికి మీగడ రంగు పైకి ఉంటుంది.